సూప్ స్పూన్లు లేని బల్ల

టింగ్. కాస్త ఆగి, మళ్లీ టింగ్. కౌంటీ జాతరలో పందుల పోటీ కేకలు, పెద్ద ఫ్యాన్ల హోరు, వాటి మధ్య నుంచి గాజు మీద వాన చినుకు పడ్డట్టు ఆ చప్పుడు. ఏడుసార్లు టింగ్ మంది. ఎనిమిదోసారి మాత్రం టక్ మంది.

మార్లిస్‌కి ఇక తల తిప్పి చూడనక్కర్లేకపోయింది. కౌంటీ వారపత్రికలో ఊరి మనుషుల గురించి రాసే ఆమెకి ఆ గోరు ఎవరిదో తెలుసు. డెబ్బై ఒక్కేళ్ల ఆర్విల్లా డ్రెస్లర్, భోజనాల బల్ల అలంకరణ పోటీకి పెట్టిన చెల్లెలి బల్ల మీద వంగి, వాళ్లమ్మ పింగాణీ పళ్లేలను ఒక్కొక్కటే మీటి చూస్తోంది. పగులు లేని పళ్లెం పాడుతుంది, పగిలింది దగ్గుతుంది.

"ఆ ఎనిమిదోది నువ్వు పడేసిందే కదా అక్కా, నీ పదో ఏట," అంది వెనక నుంచి చెల్లెలు ట్వైలా.

"పడేశాను. పగలగొట్టలేదు. రాసుకున్నావా మార్లిస్?"

ముప్ఫై ఏళ్లు బడి బస్సు నడిపిన ఆర్విల్లా, ఆ బస్సులో పిల్లల్ని ఎలా కూర్చోబెట్టిందో ఇంట్లో ఫోర్కుల్ని అలాగే కూర్చోబెట్టింది. ఆమె భోజనాల గది అయోవా రాష్ట్రం మొత్తానికీ గొప్ప గది. అందులో ఎవరూ భోజనం చేయరు. బల్ల మీద పరవడానికి ఏప్రిల్లో లేత పసుపు బొంత, జూలైలో నక్షత్రాల బొంత, అక్టోబరులో మాపిల్ ఆకుల బొంత, డిసెంబరులో ఎరుపూ తెలుపూ. అన్నీ ఆమె చేత్తో కుట్టినవే. ఒక్కో ఋతువు ఆ బల్ల మీదికి వచ్చి, కుదురుగా కూర్చుని, ఆకలితోనే లేచి వెళ్లిపోతుంది. కుటుంబం మాత్రం వరండాలో కాగితం పళ్లేల్లో తింటుంది. "మా ఇంట్లో బల్లకి నాలుగు జతల బట్టలు, నాకు రెండు," అంటాడు ఆమె భర్త నార్బర్ట్. ఆ గదిలోకి అతను బూట్లు విప్పి మేజోళ్లతోనే వెళ్లాలి, అదీ అడిగి.

ఇంత వైభవంలోనూ ఒక లోటుంది. అసలైన పళ్లేలు, అసలైన బొంత ఆమె దగ్గర లేవు.

అక్కచెల్లెళ్ల తగువు విని విని విసిగిపోయిన వాళ్లమ్మ, పోయే ముందు తీర్పు చెప్పింది. జాతరలో బల్ల అలంకరణకి మొదటి బహుమతి, నీలం రిబ్బను, ఎవరికొస్తే, నీలి అంచు పళ్లేలు ఎనిమిదీ, దాణా సంచుల గుడ్డలతో తను కుట్టిన బొంతా ఆ ఏడాది వాళ్లింట్లో ఉండాలి. ఆవిడ ఎంత న్యాయంగా ఆలోచించిందంటే, మొదటి ఏడాది గెలిచినవాళ్లే వాటిని పరిచి మళ్లీ మళ్లీ గెలుస్తారన్న సంగతి తట్టలేదు. ఆరేళ్లుగా ట్వైలాయే గెలుస్తోంది. ఆరేళ్లుగా ఆర్విల్లా కొట్లో కొన్న పళ్లేలతో పోటీకి వచ్చి, అమ్మ పళ్లేలని గోటితో పలకరించి వెళ్తోంది.

జడ్జి ఈసారి కొత్త మనిషి, తూర్పు నగరాల నుంచి వచ్చిన నాజూకు మనిషి. చేతిలో స్కేలు. ఈ పోటీలో బల్ల మీద తిండి ఉండకూడదు, ఏం తినబోతున్నారో చెప్పే చీటీ ఉండాలి, చీటీలో ఉన్నవి తినడానికి కావలసిన సామానంతా ఉండాలి. లేని భోజనానికి ఇంత క్రమశిక్షణ ఉన్న చోటు ఇంకోటి ఉండదు.

జడ్జి ట్వైలా చీటీ పైకి చదివింది. "కోడి నూడుల్స్, మెదిపిన బంగాళాదుంప, పచ్చి చిక్కుళ్లు." బల్లంతా కలియజూసింది. "సూప్ స్పూన్లేవండీ? గిన్నెలేవి? పది మార్కులు తగ్గిస్తున్నాను."

ట్వైలా చెప్పబోయేలోపే జడ్జి మార్కులు వేసి పక్కకి నడిచింది.

నీలం రిబ్బను ఆర్విల్లా బల్ల మీదికి వచ్చింది. ఆమె దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. నవంబరు పండగనాటి వెలుతురులో, తన గదిలో, అమ్మ బొంత పరిచినట్టే ఉంది ఆ క్షణం. నార్బర్ట్ గెలిచిన పళ్లేలు చుట్టి సర్దడానికి అప్పుడే కార్లోంచి పాత వార్తాపత్రికలు తెచ్చేశాడు.

జడ్జి నవ్వుతూ పక్కావిడతో అంది. "సూపుని ఫోర్కుతో తినే కుటుంబం కాబోలు, పాపం."

ఆర్విల్లా మెడ మెల్లగా తిరిగింది. బస్సు చివరి సీట్లో అల్లరి వినబడినప్పుడు తిరిగేది అలాగే.

"సూపని ఎవరన్నారమ్మా?"

"నూడుల్స్ అంటే..."

"నూడుల్స్ అంటే మా అమ్మ చేత్తో ఒత్తినవి. చెంచా నిలబడేంత చిక్కగా ఉడికించి, బంగాళాదుంప ముద్ద మీద పోసి, పళ్లెంలోనే, ఫోర్కుతోనే తింటాం. ఇక్కడున్న వాళ్లలో స్పూనుతో తినేవాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి, చూస్తాను."

ఒక్క చెయ్యి లేవలేదు. పందుల కొట్టాల వైపు నుంచి వచ్చి నిలబడ్డ రైతులు కూడా తలలూపారు. జాతర పెద్దలు జడ్జిని పక్కకి తీసుకెళ్లి, ఈ కౌంటీలో నూడుల్స్ గురించి ఏమేం అనకూడదో వివరించారు. ఆవిడ తిరిగొచ్చి పది మార్కులూ కలిపింది. రెండు మార్కుల తేడాతో రిబ్బను బల్ల మారింది.

"వార్తాపత్రికలు మళ్లీ కార్లో పెట్టెయ్యనా?" అన్నాడు నార్బర్ట్.

"పెట్టెయ్. మేజోళ్లు కూడా విప్పుకో, ఈ ఏడాదికి ఆ గదిలో పని లేదు."

ట్వైలా దగ్గరికొచ్చింది. "నోరు మూసుకుని ఉంటే అన్నీ నీకే వచ్చేవి కదే అక్కా. ఆరేళ్లు ఎదురుచూశావు."

"నిన్ను ఓడిస్తే ఓడించనీ. మనమ్మకి తినడం రాదంటే ఊరుకుంటానా?"

ట్వైలా ఎనిమిదో పళ్లేన్ని చేతిలోకి తీసుకుని చొక్కా అంచుతో తుడిచింది. "నవంబరు పండక్కి మా ఇంటికి రా. నూడుల్స్ నేను ఒత్తుతాను. ఈ దగ్గే పళ్లెం నీకే పెడతాను."

"చూసుకోవడానికా?"

"తినడానికే."

ఆర్విల్లా చెయ్యి చాచింది. పళ్లెం అంచు మీద గోటితో ఒకసారి మీటింది. టక్ మంది. అరవై ఏళ్ల కిందటి దగ్గు అలాగే ఉంది.

అప్పుడామె మార్లిస్ చేతిలోని కాగితాల మీదికి వంగి, గొంతు తగ్గించకుండా చెప్పింది.

"మా చెల్లెలు గెలిచిందని రాసుకో అమ్మాయ్, రాయాలి కదా. దాని బల్ల మీద బొంత మాత్రం ఎడమ పక్క అర అంగుళం కిందికి వేలాడింది. అది మొదటి లైన్లో రాయి."