కారు దిగని మనిషి

మా ఆయనకి ఒక పాడు అలవాటు ఉండేది. మిర్చి కొనుగోళ్ళకని ప్రకాశం జిల్లా ఊళ్ళన్నీ తిరిగి, సాయంత్రానికి గుంటూరు చేరేవాడు. కారు వాకిట్లో పెట్టి ఇంజను ఆపేవాడు. అంతే, దిగేవాడు కాదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఎదురుగా ఉన్న ప్రహరీ గోడ వంక చూస్తూ కూర్చునేవాడు.

"ఏం మనిషివయ్యా! ఆ గోడ మీద సినిమా ఏమన్నా ఆడుతోందా? దిగి తగలడొచ్చుగా, అన్నం చల్లారిపోతోంది" అని గుమ్మంలోంచి కేకలేసేదాన్ని. మా అత్తగారు కొడుక్కి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నా వెనక నిలబడేది. ఆయన నవ్వేవాడు తప్ప కదిలేవాడు కాదు. కదలాలనిపించినప్పుడే దిగేవాడు, మిరప ఘాటుకి తుమ్ముకుంటూ.

పోయినేడు కోతలు మొదలవకముందే గుండెపోటు ఆయన్ని పట్టుకుపోయింది. కారు మిగిలింది. అమ్మేయమన్నారు చుట్టాలు. నేను ససేమిరా అన్నాను. "అయితే బండిని నిలబెట్టకమ్మా, రోజూ పొద్దున కాసేపు స్టార్ట్ చేసి వదిలెయ్" అని వీధి వీధంతా చెప్పింది. మా వైపు కారున్న ప్రతి ఇంట్లోనూ ఇదొక నిత్యపూజ. నేనూ అలాగే చేశాను. కుండీలకి నీళ్ళు పోసినంతసేపూ ఇంజను ఊరికే తిరుగుతూ ఉండేది. సాయంత్రం రైతుబజారు దాకా వెళ్ళి వచ్చేదాన్ని.

ఒకరోజు అలాగే వచ్చి, ఇంజను ఆపి, కూరల సంచీ తీసుకుని దిగాను. కారు చప్పుడు ఆగలేదు. బానెట్ లోపలి నుంచి హోరు. ముందు నుంచి వేడి ఊపిరి నా చీరకుచ్చెళ్ళకి తగిలింది. ఏదో మాడిన వాసన. తాళం చూస్తే నా చేతిలోనే ఉంది. ఆయన ఎంతసేపు కూర్చునేవాడో సరిగ్గా అంతసేపూ హోరెత్తి, దానంతటదే ఆగిపోయింది.

నేను దెయ్యాల్నీ భూతాల్నీ నమ్మే రకం కాదు. కానీ నోట్లోంచి అప్రయత్నంగా వచ్చేసింది, "దిగి తగలడొచ్చుగా" అని. ఆ మాట అన్నాక కారుకి ఆనుకుని ఏడ్చాను.

తర్వాత ఆ హోరు తరచుగా వచ్చేది. వచ్చిన రోజు సంచీ కింద పెట్టి నిలబడేదాన్ని. ఊరి సంగతులు చెప్పేదాన్ని, మిర్చి రేటు చెప్పేదాన్ని, తిట్టేదాన్ని. రాని రోజు ఇంట్లో అందరి మీదా విసుక్కునేదాన్ని. అందరూ అంటే ఎవరు, మా అత్తగారే. ఆవిడ మాత్రం ఇంకా గ్లాసుతో గుమ్మంలో నిలబడుతూనే ఉంది. ఎందుకని నేను అడగలేదు. ఎవరితో మాట్లాడుతున్నావని ఆవిడా అడగలేదు.

ఇలా ఉండగా కారులో పసుప్పచ్చ లైటు వెలిగింది. ఫ్లైఓవర్ ఎక్కబోతే బండికి ఊపు లేదు, వెనక హారన్ల గోల. మా ఆయన స్నేహితుడు ఒకాయన మిర్చియార్డు వైపు షెడ్డు నడుపుతాడు. అక్కడికి ఎలాగో తోలుకెళ్ళాను. ఆయన స్కానర్ మెషీను తగిలించి చూశాడు. ఆయిల్ చూసే కడ్డీ లాగి వాసన పీల్చాడు.

"ఇదేంది వదినా, ఎవరి బండిలోనన్నా ఆయిల్ తగ్గుద్ది, నీ బండిలో పెరిగింది! డీజిల్ కలిసింది. ఇంజను ఆపాక ముందు ఫ్యాను మోగుద్దా?"

"ఏమో, ఎప్పుడన్నా" అన్నాను.

"అదే మరి! పొగలో మసి బయటికి పోకుండా పట్టే జల్లెడ ఒకటుంది, డీపీఎఫ్ అంటారు. అది నిండితే బండే కాస్త డీజిల్ ఎక్కువ పోసుకుని మసిని కాల్చుకుంటది. అన్న ఉన్నప్పుడు హైవే మీద తిరిగే బండి, దారిలోనే కాలిపోయేది. నువ్వు రైతుబజారు దాకా తోలి, మసి కాలుతుండగా మధ్యలో ఆపేస్తున్నావు. కాలని డీజిలంతా ఆయిల్లోకి దిగింది. ఆ వేడికే ఫ్యాను మోగేది. పైగా రోజూ ఊరికే స్టార్ట్ చేసి వదిలెయ్యమన్న మహానుభావుడెవరో చెప్పు, దణ్ణం పెడతా. మసంతా ఆ పుణ్యమే."

"బాగుచేస్తే ఇక మోగదా?"

"మోగితే బాగుచేసినట్టు ఎట్టా అవుద్ది వదినా? ఇట్టాగే ఇంకొన్నాళ్ళు తోలావా, జల్లెడ పూర్తిగా మూసుకుపోద్ది. ఆనక పాత ఇనుముకే."

ఆ షెడ్డాయన మీద ఎక్కడలేని కోపం వచ్చింది. "నీ మెషీనుకేం తెలుసు" అన్నాను. పాపం, బిత్తరపోయి చూశాడు. బాగుచేయిస్తే మనిషి పోతాడు. చేయించకపోతే ఆ మనిషి కారు పోతుంది. ఒకసారి పోగొట్టుకున్నది చాలదా నాకు? చాలాసేపు బల్ల మీద కూర్చుని, చివరికి సరేనన్నాను.

ఆయిల్ మార్చాడు. పక్కనే పత్తి బేళ్ళున్నాయి, సైలెన్సర్ నిప్పులా కాలుద్ది, ఇక్కడ మసి కాల్చొద్దని హైవే ఎక్కించాడు. "నువ్వే తోలు వదినా, ఆపమాక. గేరు కూడా పెంచమాక, ఇంజను కాస్త అరవనీ" అంటూ పక్కన స్కానర్ చూస్తూ కూర్చున్నాడు. ఒంగోలు వైపు సాగిపోయాం. చిలకలూరిపేట దాటాక కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. లారీల నుంచి ఊడిన పత్తి రోడ్డు పక్క తుమ్మకంపకి వేలాడుతోంది. మా ఆయన రోజూ వచ్చిన దారి. నేను పక్కన కూర్చుని ఒక్కసారైనా రాలేదు. కాసేపటికి ఆ మాడిన వాసన వచ్చింది. అద్దం దించి, ఉన్నంతసేపూ పీల్చాను.

లైటు ఆరిపోయింది. "అయిపోయింది వదినా!" అని షెడ్డాయన చప్పట్లు కొట్టాడు.

ఆయన్ని షెడ్డు దగ్గర దించి, పొద్దు వాలుతుండగా ఇల్లు చేరాను. కారు వాకిట్లో పెట్టి ఇంజను ఆపాను. ఏ చప్పుడూ లేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని గోడ వంక చూశాను. సున్నం పెచ్చులు తప్ప ఏమీ లేదు దాని మీద. దిగాను.

అత్తగారు గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. చెవి కారు వైపు పెట్టి కాసేపు విన్నది. నా పక్కనుంచి ఖాళీ సీటు వంక చూసింది.

"ఇవ్వాళ వాడు తొందరగా దిగాడే" అంది.

ఆవిడ చేతిలోంచి గ్లాసు తీసుకుని నేనే తాగేశాను.

"దిగాడత్తయ్యా" అన్నాను. "లోపలికి పదండి, అన్నం చల్లారిపోతోంది."