రెండు బెంచ్‌మార్కుల మధ్య ఇల్లుబండి

నల్గొండ సబ్‌డివిజన్‌లో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా నేను చేరింది తెలంగాణ ఏర్పడిన తర్వాత మూడో ఎండాకాలం చివర్లో. అంతకుముందు చాలాకాలం మహబూబ్‌నగర్ వైపు కాలువల తవ్వకం మీద పనిచేశాను. నా కింద ముగ్గురు అసిస్టెంట్ ఇంజినీర్లు, కొందరు వర్క్ ఇన్‌స్పెక్టర్లు, గేట్లు ఎత్తి దించే లస్కర్లు ఉండేవాళ్ళు. నా పైన ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, మేము ఇ.ఇ. గారు అనేవాళ్ళం. సబ్‌డివిజన్ పరిధిలో పానగల్ దాటాక కొంత దూరంలో ఒక జలాశయం ఉంది. దాని పేరు కావాలనే రాయడం లేదు. కృష్ణ నీటిని కాలువలో తెచ్చి దాంట్లో నింపి, అక్కడి నుంచి తాగునీటికీ సాగుకూ పంపుతాం.

చేరిన రెండో వారంలో ఒక ఫైలు నా బల్లమీదికి వచ్చింది. జలాశయం పడమటి ఒడ్డున కారవాన్ మైదానం పెట్టుకోవడానికి మా శాఖ నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ కావాలని అందులో అడిగారు. కారవాన్ అంటే ఏమిటో మా ఆఫీసులో ఎవరికీ సరిగా తెలియదు. సీనియర్ అసిస్టెంటు దాన్ని సర్కస్ అనుకుని ఎగ్జిబిషన్ల కట్టలో పెట్టాడు. నేను కూడా ఒంటెలూ డేరాలూ అనుకున్నాను. చివరికి జతచేసిన బొమ్మలు చూస్తే అర్థమైంది. లోపల మంచం, పొయ్యి, బాత్రూము ఉన్న వ్యాను. దాన్ని నీటి ఒడ్డున నిలుపుకుని రెండు మూడు రోజులు ఉంటారు. అందుకోసం సిమెంటు గద్దెలు, ఒక్కో గద్దెకు కరెంటు స్తంభం, నల్లా. మా వర్క్ ఇన్‌స్పెక్టర్ యాదయ్య బొమ్మ చూసి, "ఇల్లుబండి మేడం ఇది" అన్నాడు. ఆ పేరే ఆఫీసులో నిలిచిపోయింది.

ఇలాంటి ఫైలులో మేము తేల్చవలసింది ఒక్కటే. ఆ స్థలం ఎఫ్‌టీఎల్ లోపల ఉందా, బయట ఉందా. ఎఫ్‌టీఎల్ అంటే జలాశయం పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు ఎంత ఎత్తుకు వస్తాయో ఆ మట్టం. ఆ గీత వెంట తెల్ల రంగు వేసిన రాళ్ళు పాతుతాం. రాయికి లోపలి జాగా నీటిది. బయటి జాగా గురించి మాకు అభ్యంతరం ఉండదు.

యాదయ్యను తీసుకుని స్థలం చూడటానికి వెళ్ళాను. ఎండాకాలం కాబట్టి నీళ్ళు చాలా దూరంలో, కట్ట దగ్గర మాత్రమే ఉన్నాయి. చదునైన నేల, పచ్చగడ్డి. తెల్ల రాళ్ళు ఆ స్థలానికి దిగువన వరసగా కనబడుతున్నాయి. అంటే స్థలం బయటే ఉంది. పది నిమిషాల్లో అయిపోయే పని అనుకున్నాను.

అయితే ఒక సంగతి నాకు వింతగా అనిపించింది. అక్కడ గొర్లు మేపే కుటుంబం ఒకటి ఉంది. వాళ్ళ మంద, గుడిసె, ముళ్ళకంచె దొడ్డి అన్నీ ఈ చదును మీద కాకుండా ఇంకా పైన, రాళ్ళూ రప్పలూ ఉన్న ఏటవాలు మీద వేసుకున్నారు. కింద మెత్తటి గడ్డి పెట్టుకుని పైన రాళ్ళలో ఎందుకున్నారని ఆ ఇంటావిడను అడిగాను. ఆమె పేరు మల్లమ్మ. యాభై దాటి ఉంటాయి.

"గీడ పండుకుంటె గొర్లు నీళ్ళల్ల నానుతయ్ మేడం," అంది. "ముందటేడు కాక అంతకుముందటేడు నీళ్ళు గీ తుమ్మకాడిదాంక వచ్చినయ్. గందుకే పైకి పోయినం."

ఆమె చూపించిన తుమ్మచెట్టు మా తెల్ల రాళ్ళకు చాలా ఎగువన ఉంది. రాళ్ళు నిరుడు పాతినవి. మల్లమ్మ చెబుతున్నది అంతకుముందు సంగతి. నీళ్ళు ఎఫ్‌టీఎల్ దాటి రావు, ఎక్కువైనవి అలుగు మీదుగా బయటికి పోతాయి. కాబట్టి వానకు పల్లంలో నిలిచిన నీళ్ళను చూసి ఈమె అలా అనుకుని ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ సమాధానపడలేకపోయాను. మర్నాడు లెవెల్ యంత్రం తీసుకుని మళ్ళీ వచ్చాం.

ఈ పనిలో ఎత్తును ఏదో ఒక తెలిసిన బిందువు నుంచి కొలవాలి. దాన్ని బెంచ్‌మార్క్ అంటాం. ఒక రాయి, దాని మీద చెక్కిన ఎత్తు. కట్ట మీద మాకు రెండు ఉన్నాయి. పాతది తూము గోడ మీద చెక్కింది. కొత్తది కట్టను వెడల్పు చేసినప్పుడు కాంక్రీటు దిమ్మెలో పాతి ఎర్ర రంగుతో అంకె రాసింది. కొత్తదాని నుంచి కొలిస్తే ఇల్లుబండ్ల స్థలం పూర్తి నీటిమట్టానికి పైన ఉంది. పాతదాని నుంచి కొలిస్తే కింద ఉంది. తేడా దాదాపు మీటరు.

పొరపాటు నాదే అనుకుని మళ్ళీ కొలిచాను. యంత్రం మార్చి కొలిచాను. యాదయ్యను యంత్రం దగ్గర నిలబెట్టి, కొలబద్ద నేను పట్టుకున్నాను. ప్రతిసారీ అవే రెండు జవాబులు. ఆఫీసులో పాత డ్రాయింగులు తీయించాను. ఒకదాంట్లో తూము బెంచ్‌మార్క్ ఉంది, కొత్తది లేదు. ఇంకోదాంట్లో కొత్తది ఉంది, తూముది కొట్టేసి ఉంది. ఎవరు కొట్టేశారో, ఎందుకో రాయలేదు. ఆ వారమంతా అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా ఆ రెండు అంకెలే తిరిగాయి. ఒక పూట తూముది తప్పు అనిపించేది, ఇంకో పూట దిమ్మెది తప్పు అనిపించేది. ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో లెవెల్ చూడటం రాని దానిలా ఉండిపోయాను.

ఇ.ఇ. గారికి చెప్పాను. ఆయన చిరాకు పడలేదు. "రాళ్ళు మన శాఖ పాతినవే కదా మేడం, మన రాళ్ళను మనమే నమ్మకపోతే ఎట్ల?" అన్నారు. సోమవారం నాటికి రిపోర్టు పైకి పోవాలన్నారు.

ఆదివారం కూర్చుని రాశాను. రిపోర్టులో ఇంగ్లీషులో రాసిన ముఖ్యమైన వాక్యానికి తెలుగు ఇది: ప్రతిపాదిత స్థలం ప్రస్తుత హద్దురాళ్ళ ప్రకారం పూర్తి నీటిమట్టానికి వెలుపల ఉన్నది, అయినప్పటికీ నీటిమట్టం పెరిగినప్పుడు తగిన జాగ్రత్తలు తీసుకోవలెను. రెండు బెంచ్‌మార్కుల సంగతి అందులో లేదు. "అయినప్పటికీ" అన్న మాటలో నా అనుమానమంతా ఇమిడిపోయిందని అనుకున్నాను. సంతకం చేశాను.

గద్దెలు లేచాయి. వానాకాలం నడిమికి మూడు బండ్లు వచ్చాయి. అదే వారం ఎగువన కృష్ణకు వరద రావడంతో మాకు కాలువ నీళ్ళు వదిలారు. మూడేళ్ళ తర్వాత జలాశయం నిండుగా నింపమని ఉత్తర్వు. మా దగ్గర చుక్క వాన లేదు, ఎండ కాస్తోంది.

పొద్దున పది దాటాక యాదయ్య ఫోన్ చేశాడు. "మేడం, నీళ్ళు రాళ్ళు దాటినయ్," అన్నాడు. ఏ రాళ్ళని అడిగాను. "మన రాళ్ళే మేడం. తెల్లయి. గద్దెలకాడికి వస్తున్నయ్. ఎట్ల వస్తున్నయో నాకైతే సమజైతలేదు."

జీపులో వెళ్ళేసరికి రెండు బండ్లు బయటపడ్డాయి. మూడోది కదలడం లేదు. వెనక చక్రాలు గద్దె దిగి బురదలో కూరుకుపోయాయి. నీళ్ళు చక్రాల సగానికి వచ్చాయి. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి ఒక పెద్దాయన తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పేరు వెంకటరమణ, హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. లోపల ఆయన భార్య సుగుణమ్మ. దిగమంటే ఆమె దిగడం లేదు.

ఆయన చెబితే విషయం తెలిసింది. రెండేళ్ళుగా ఆమెకు మతిమరుపు జబ్బు. కొత్త గది ఏది చూసినా ఇది మనిల్లు కాదని భయపడి ఏడుస్తుంది. చుట్టాలింటికి కూడా పోలేని పరిస్థితి. అందుకని ఆయన కొత్తకోటలో బస్సు బాడీలు కట్టే షెడ్డులో పాత వ్యానుకు మంచం, పొయ్యి పెట్టించాడు. ఇంట్లో ఉన్న కర్టెన్లే కట్టాడు, ఆమె గిన్నెలే సర్దాడు. "ఇల్లే వెంట వస్తె ఆమెకు భయం లేదు మేడం," అన్నాడు. ఇప్పుడు ఆమె ఆ ఇల్లు విడిచి రానంటోంది.

నేను నీళ్ళలో దిగి తలుపు దగ్గరికి వెళ్ళాను. ఆమె మంచం మీద కూర్చుని నన్ను చూసింది. నీళ్ళొస్తున్నాయి, దిగండమ్మా అన్నాను.

"నల్లా ఎవరు విప్పిన్రు?" అని అడిగింది. "బంద్ చెయ్యరాదు."

నిజానికి నల్లా బంద్ చేయగలిగిన మనిషిని నేనే. పక్కకు వచ్చి కాలువ గేటు దగ్గరున్న లస్కరుకు ఫోన్ చేసి గేట్లు దించమన్నాను. ఉత్తర్వు లేకుండా దించనని అతను అన్నాడు. అది సరైన మాటే. నింపడం ఆపాలంటే ఇ.ఇ. గారి ఉత్తర్వు కావాలి. ఆయన ఫోన్ కలవడం లేదు. నా పేరు రిజిస్టరులో రాసుకుని దించమని, బాధ్యత నాదని చెప్పాను. దించాడు. కానీ గేటు మూసినంత మాత్రాన నీళ్ళు ఆగవు. గేటుకూ జలాశయానికీ మధ్య కాలువలో ఉన్న నీళ్ళన్నీ వచ్చి చేరాలి. అందుకు రెండు గంటలు పడుతుంది. ఆ లెక్క నాకు తెలుసు. యాదయ్యను ట్రాక్టరు కోసం ఊళ్ళోకి పంపాను.

ఎత్తుకుని దించుదామని వెంకటరమణ గారితో అన్నాను. ఆయన వద్దన్నాడు. ఒకసారి దవాఖానలో అలా బలవంతంగా ఎత్తితే తర్వాత నెల రోజులు తనను కూడా దగ్గరికి రానివ్వలేదట. నీళ్ళు మెట్టుకు తగిలాయి. నాకు ఏం చేయాలో తోచలేదు. ఆయనకూ తోచలేదు. ఇద్దరం ఆ తలుపు ముందు ఊరికే నిలబడ్డాం.

అప్పుడు మల్లమ్మ పైనుంచి దిగి వచ్చింది. ఆమె చంకలో రెండు మూడు రోజుల గొర్రెపిల్ల ఉంది. తలుపు దగ్గరికి వచ్చి పిల్లను లోపలికి చాపింది.

"అవ్వా, జర దీన్ని పట్టుకో," అంది. "నా చేతులు గుంజుతున్నయ్."

సుగుణమ్మ పిల్లను అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. అది అరిచింది. "దీని తల్లేదే?" అని అడిగింది.

"గాడ గుట్ట మీదున్నది. పాలకు ఏడుస్తాంది ఇది. నువ్వు ఎత్తుకోని రా, నేను తొవ్వ జూపిస్త."

ఆమె లేచింది. పిల్లను రొమ్ముకు అదుముకుని మెట్టు దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచింది. నీళ్ళ గురించి ఒక్క మాట అడగలేదు. మల్లమ్మ ఆమె మోచేయి పట్టుకుని ముందు నడిచింది. వెంకటరమణ గారు భార్య చెప్పులు చేత పట్టుకుని వెనక నడిచాడు. పైన దొడ్డిలో తల్లి గొర్రె దగ్గర పిల్లను దించేదాకా సుగుణమ్మ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

మధ్యాహ్నానికి ట్రాక్టరు వచ్చి గొలుసులు వేసి బండిని లాగింది. అప్పటికే లోపలికి జానెడు నీళ్ళు వచ్చాయి. మంచం కింద సామానంతా పాడైంది. సాయంత్రం కాకముందే నీళ్ళు ఆగాయి. తుమ్మచెట్టు మొదలుకు రెండడుగుల దూరంలో ఆగాయి. మల్లమ్మ దొడ్డికి తడి తగలలేదు.

చెట్టు కింద కూర్చుని వెంకటరమణ గారు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "మేడం, ఈ జాగ గురించి మీరు కాగితంల ఏం రాసిన్రు?" వాక్యం చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను.

"అంటే ఉండొచ్చని రాసినట్టా, ఉండొద్దని రాసినట్టా?"

పిల్లల జవాబు పత్రాలు దిద్దిన మనిషి. కోపంగా అడగలేదు, తెలుసుకోవాలని అడిగాడు. రెండూ కాకుండా రాశానని చెప్పాను.

తర్వాత విచారణ జరిగింది. కట్ట వెడల్పు చేసేటప్పుడు పాత దిమ్మె ఒకటి పగిలితే, దాని అంకెను ఎత్తు మళ్ళీ కొలవకుండా కొత్త దిమ్మె మీద రాసేశారని తేలింది. తెల్ల రాళ్ళు ఆ తప్పు అంకె నుంచి పాతినవి. రాసింది ఎవరో తేలలేదు. దిమ్మె అంకె చెరిపించి, రాళ్ళు పీకి పైన పాతించాం. గద్దెలు ఇంకా పైకి మార్చారు. ఉత్తర్వు లేకుండా గేట్లు దించినందుకు నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. జవాబు ఇచ్చాను, హెచ్చరికతో వదిలేశారు. ఆ వాక్యం గురించి మాత్రం ఏ నోటీసూ రాలేదు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదని ఇ.ఇ. గారు అన్నారు. అది నిజమే. అలా ఉండాలనే రాశాను.

ఈ పని చేసేవాళ్ళకు ఇంకో సంగతి చెప్పాలి. రెండు బెంచ్‌మార్కులు తగువుపడితే తీర్పు చెప్పగలిగేది నీరే. తూము దగ్గర అంకెలు వేసి నిలిపిన గేజి పలకలో నీటిమట్టం చదివి, అదే నీటి అంచును లెవెల్‌తో కొలిస్తే ఏ రాయి తప్పో తెలుస్తుంది. ఆ ఎండాకాలం గేజి అడుగుభాగం ఒండ్రులో పూడిపోయి ఉంది. తవ్వించడం ఒక పూట పని. నాకు ఆ వారం అది తట్టలేదు. గందరగోళంలో ఉన్నప్పుడు నేను అవే రెండు అంకెలను మళ్ళీ మళ్ళీ కొలిచానే తప్ప, మూడోది వెతకలేదు. నేను వెతక్కుండానే మల్లమ్మ ఆ మూడోది చెప్పింది, దాన్ని నేను కొలతగా లెక్కించలేదు.

కొలతలు రెండు వచ్చినప్పుడు రెండూ రాయాలి. ఏది సరైనదో నాకు తెలియలేదని రాయాలి. తేలేవరకు ఆ స్థలంలోకి ఎవరినీ రానివ్వరాదని రాయాలి. రిటైరయ్యేదాకా అలాగే రాశాను, కొన్ని ఫైళ్ళు అందువల్ల ఆలస్యమయ్యాయి కూడా. ఆ ఆదివారం ఈ మూడు వాక్యాలు రాయడానికి నాకు అరగంట సరిపోయేది.