తువ్వాల కింద గుట్ట ధర

అడవి తగలబడితే ఎంత నష్టమో లెక్క కట్టే చదువు ఒకటుందని బీదర్ గంజ్‌లో నాకంటే ముందు తెలిసినవాడు లేడు. కందిపప్పు హోల్‌సేల్ వ్యాపారి గుండేరావు కూతురు అంబిక ఆ చదువులో పడ్డప్పుడు, వాళ్ళ నాయినకు దాన్ని విడమరిచి చెప్పింది నేనే. డిగ్రీ రెండో ఏడులోనే కాలేజీకి సెలవిచ్చినవాణ్ణి కాబట్టి నాకు విషయాలు సూటిగా అర్థమవుతాయి.

"అడివి ఎవడు కొంటడు, ఎవడు అమ్ముతడు? బజార్ల లేని మాల్‌కు ధర ఏందిరా శివానంద్?" అన్నాడు గుండేరావు.

"గదే గద మామా పీహెచ్‌డీ," అన్నాను.

అంబిక పొద్దున ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేది. మిగతా వేళంతా నా జీపులో ఔరాద్ అవతలి గుట్ట కింద ఊరికి తిరిగేది. ఎండలు ముదిరే ముందు ఊరివాళ్ళే ఏటా ఆ గుట్టకు నిప్పు పెడతారు. పాత గడ్డి కాలితే వానలకు లేత గడ్డి వస్తుందని వాళ్ళ లెక్క, వస్తుంది కూడా. కాని నిప్పు గడ్డితో ఆగదు, సీతాఫలం చెట్లనూ పట్టుకుంటుంది. ఒక ఏడు ఆ మంట వెలుగులో నేను బీదర్ కోట బురుజు మీద కూర్చుని పేపరు చదివాను. నమ్మనివాళ్ళు ఆ మంటకు మహారాష్ట్ర పారిపోయిన కుందేళ్ళను అడగొచ్చు. ఇప్పుడవి మరాఠీలోనే జవాబిస్తాయి.

అంబిక ప్రశ్న ఒక్కటే. మంట దాటకుండా గుట్ట చుట్టూ గడ్డి చెక్కి ఖాళీ పట్టీ తియ్యాలంటే, మీ ఇంటి నుంచి ఏడాదికి ఎన్ని రోజులు పనికి వస్తారు? ఎన్ని రోజులు ఇస్తే గుట్టకు ఆ ఇల్లు అంత విలువ కట్టినట్టు.

పంచాయతీ ఆఫీసు అరుగు మీద అందరూ చేరారు. ఎడ్ల బేరాల్లో పేరున్న రైతు రాచయ్య ముందుగా నోరు విప్పాడు.

"ఒక్క దినం రాస్కో బిడ్డా."

ఆ తరువాత ఎవరిని అడిగినా ఒక్క దినమే. తక్కువ చెబితే తమ పరువు పోతుంది, ఎక్కువ చెబితే రాచయ్య పరువు పోతుంది.

అంబిక గైడు నథానియేల్ సారు జహీరాబాద్ వైపు మనిషి. భాష మనదే, కోపం మాత్రం యూనివర్సిటీది. కాగితాలు తిరగేసి పక్కన పెట్టారు.

"ఊరంత ఒక్కటే జవాబా? ఇంట్ల కూసొని నింపినవా అమ్మా?"

"లేదు సార్. పోయి అడిగిన."

"ఊర్ల పదిమంది ఉంటరు. ఈ కాగితాలల్ల ఒక్కడే ఉన్నడు. ఎండాకాలం సెలవుల లోపల సరిగ్గ తెస్తే సంతకం పెడ్త. లేకుంటే నీ రిజిస్ట్రేషన్ పోతది. గడువు మల్ల ఇయ్యరు."

పీహెచ్‌డీ రాకపోతే వచ్చే ఏడు ఉద్యోగం ఉండదని కాలేజీవాళ్ళు అప్పటికే చెప్పి ఉన్నారు. అంబిక కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. బయటికి వచ్చి, "జీపు తియ్యి శివన్నా," అంది.

ఔరాద్ సంతలో చాయ్ కోసం ఆపాను. ఎదురుగా ఇద్దరు ఎడ్ల బేరం చేస్తున్నారు. ఇద్దరి కుడిచేతులూ ఒక తువ్వాల కింద ఉన్నాయి. నోటితో మాట లేదు. వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళకు కనబడేది తువ్వాల కదలడమే. అంబిక చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఆ రోజు మాత్రం చాయ్ మీద మీగడ కట్టేదాకా చూసింది.

"నీ మెడల తువ్వాల ఇయ్యి శివన్నా."

మళ్ళీ అదే అరుగు, అదే ప్రశ్న. ఒక వేలు పడితే ఒక రోజు, అసలు పట్టకపోతే రానని. రాచయ్య చెయ్యి చాపబోయి, ఎదురుగా ఉన్నది అంబిక అని చూసి వెనక్కు తీసుకున్నాడు.

"ఆడబిడ్డ చెయ్యి పట్టుకొని బేరం జేస్తనా? రేపు సంతల నన్ను ఎవడన్న రానిస్తడా?"

"నా చెయ్యి పట్టుకో మామా," అని నేను కూర్చున్నాను. బీదర్ జిల్లాలో పరీక్ష రాయకుండా పీహెచ్‌డీ చేసిన చెయ్యి ఇదొక్కటే. రాచయ్య ఎన్ని వేళ్ళు పట్టాడో చెప్పను. ఒకటి మాత్రం కాదు. ముఖం మాత్రం వెనకటి ఒక్క దినం ముఖమే. ఆయన తరువాత వచ్చిన ఏ ఇద్దరి చేతులూ ఒకే మాట చెప్పలేదు. ఒక పెద్దమనిషి నా అరచెయ్యి తడిమి, ఏమీ పట్టకుండా లేచిపోయాడు. నేను ఒక్కొక్కటీ అంబిక చెవిలో వేశాను.

అప్పుడు రాచయ్య భార్య సుందరాబాయి అరుగు దగ్గరికి వచ్చింది.

"మా చేతులకు ఏళ్ళు లేవా? కట్టెలు మేం తెస్తం, సీతాఫలాలు మేం ఏరుతం. అగ్గి మాత్రం వీళ్ళు పెడ్తరు. మమ్ముల ఎవరడుగుతరు?"

అంబిక కిందికి దిగి తన కొంగు పరిచింది. ఆ కొంగు నా తువ్వాల కంటే ఎక్కువసేపు కదిలింది.

"ఎన్ని చెప్పినవే?" అన్నాడు రాచయ్య.

"కొంగు కింది మాట బయట అడుగుతవా? సంతల గిట్లనే జేస్తున్నవా బేరాలు?"

అరుగు మీద నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. సుందరాబాయి వెనక ఆడవాళ్ళ వరుస అప్పటికే బావి దాకా ఉంది.

సెలవులకు ముందే అంబిక కొత్త లెక్కలు గైడు ముందు పెట్టింది. గదిలో ఇంకొందరు మేష్టార్లు ఉన్నారు, తలుపు దగ్గర నేనూ ఉన్నాను. ఈసారి ఏ ఇంటి జవాబు ఆ ఇంటిదే. గుట్టకు ఆడవాళ్ళు కట్టిన విలువ మగవాళ్ళు కట్టినదానికి రెట్టింపు దాటింది.

"ఎవ్వరు వినని మాటను నిజమని ఎట్ల నమ్మాలె?" అన్నారు సారు.

"నలుగురు విన్న మాట మీరే నమ్మలేదు గద సార్. మీ సంతకానికి ఇంకెన్ని నెలలు పడ్తది?"

సారు మిగతా మేష్టార్ల వైపు చూసి గొంతు సవరించుకున్నారు. "ఆరు నెలలన్న కావాలె. అంత మల్ల చూడాలె."

అంబిక బల్ల మీద తువ్వాల పరిచింది. "జర దీని కింద చెప్పుర్రి సార్, ఏలుకొక నెల."

నేను చెయ్యి పెట్టాను. సారు నన్ను చూసి, నవ్వు ఆపుకుంటూ తనదీ పెట్టారు.

ఆయన చెప్పిన ధర నేను బయట పెట్టను. తువ్వాల తీసేసరికి ఆయన జేబులో పెన్ను వెతుక్కుంటున్నారు.