ఫైన్ తర్వాతి ప్రశ్న

నా చిన్నప్పుడు కరీంనగర్‌లో మా పక్కింటి అక్క సాయంత్రాలు వాకిట్లో చాప పరిచి వాడలోని పిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. ముందు ఆమె "హౌ ఆర్ యూ?" అనేది. మేము "ఐ యామ్ ఫైన్, థాంక్యూ" అంటేనే చాప మీద కూర్చోనిచ్చేది. అదే మా హాజరు. అర్థంతో మాకు పని లేదు, ఎక్కం అప్పజెప్పినట్టే చెప్పేవాళ్లం.

ఒకసారి మా అమ్మను పెద్దాసుపత్రిలో చేర్చారు. నాన్న అక్కడే ఉండిపోయాడు, ఇంట్లో పొయ్యి వెలగలేదు. నేను మాత్రం వేళకు వెళ్లి, అందరికంటే గట్టిగా ఫైన్ అని చెప్పి కూర్చున్నాను. అక్క నన్ను కాసేపు చూసి, ఇంగ్లీషు పక్కనపెట్టి, "పొద్దుగాల ఏం తిన్నవ్‌రా?" అంది. దానికి అప్పజెప్పే జవాబు నా దగ్గర లేదు. ఏడుపు వచ్చింది. లోపలికి తీసుకెళ్లి పచ్చిపులుసుతో అన్నం పెట్టింది. నేను తింటుంటే, "ఎట్లున్నవంటే అందరూ బాగనే ఉన్నమంటరు. నువ్వు ఇంకొక్కటి అడగాలె" అంది. అమ్మ ఇక ఇంటికి రాలేదు. చాలాకాలం అక్క నన్ను రోజూ ఆ ప్రశ్నే అడిగింది.

ఇంగ్లీషు అక్క నేర్పింది, లెక్కలు నేను సొంతంగానే నేర్చుకున్నాను. ఆ లెక్కలే నడివయసులో ఉద్యోగం మీద నన్ను జర్మనీలోని కాట్‌బస్ దాకా తెచ్చాయి. కోవిడ్ వచ్చేసరికి మా ఇంట్లోవాళ్లు హైదరాబాద్‌లో, నేనిక్కడ. పై అంతస్తులో ఒక చైనా అమ్మాయి మాస్టర్స్ చదివేది. తెలుగు విద్యార్థులను చూసి తనూ నన్ను అంకుల్ అనేది. క్లాసులన్నీ కంప్యూటర్లోకి వెళ్లాక, ఇంగ్లీషు మాట్లాడే మనిషి లేక, మెట్ల మీద దూరంగా కూర్చుని నాతో మాట్లాడేది.

ఒకరోజు ఫైన్ అనే మాటకు అర్థమేంటని అడిగింది. దేన్నైనా గళ్లలో సర్దితేగానీ నాకు తోచదు. వాన తెరిపిచ్చిన రోజు ఫైన్. మెత్తటి ఇసుక ఫైన్. టికెట్ లేకుండా ట్రామ్ ఎక్కితే కట్టేదీ ఫైనే. ఇక చాలని మర్యాదగా చెప్పడమూ ఫైనే. మరి ఎలా ఉన్నావంటే చెప్పేది ఏ గడిలోదని అడిగింది. వాళ్ల బడిలోనూ "ఐ యామ్ ఫైన్, థాంక్యూ. అండ్ యూ?" అని క్లాసంతా ఒక్క గొంతుతో అనేవారట. జవాబుగా అక్క సంగతి చెప్పాను. తమ ఊళ్లోనూ ముసలివాళ్లు తిన్నావా అనే పలకరిస్తారని చెప్పి నవ్వింది.

చలికాలంలో ఆమెకు కోవిడ్ సోకింది. తలుపు బయట నిలబడి ఎలా ఉన్నావని అడిగితే లోపలి నుంచి పాఠం మొత్తం వచ్చింది, అండ్ యూతో సహా. ఏం తిన్నావని అడిగాను. తలుపు తట్టి మళ్లీ అడిగాను. "గుర్తు లేదు అంకుల్" అంది, మాట మాటకూ ఊపిరి అందుకుంటూ. అంబులెన్సుకు ఫోన్ చేశాను. స్ట్రెచర్ మీద మోసుకెళ్తుంటే ఆమె కళ్లు తెరవలేదు. చెప్పులు గుమ్మం బయటే ఉండిపోయాయి. తర్వాతి రోజుల్లో వాటిని చూడటానికే పైకి ఎక్కేవాణ్ని.

ఆమె బతికి తిరిగొచ్చింది. వసంతంలో అక్కడ కరీంనగర్‌లో, రెండో వేవ్‌లో, పక్కింటి అక్క పోయింది. ఆక్సిజన్ దొరికేలోపే పోయిందని ఆమె కొడుకు ఫోన్లో చెప్పాడు. నేను వెళ్లే దారి లేదు. ఆ రోజు ఆఫీసు మీటింగులో ఎలా ఉన్నావని అడిగితే ఫైన్ అన్నాను. సాయంత్రం మెట్ల దగ్గర ఆ అమ్మాయి అడిగితే ఆమెకూ అదే చెప్పాను. ఆమె కదల్లేదు.

"ఏం తిన్నారు అంకుల్?" అంది.

నేను మెట్టు మీద కూర్చున్నాను. ఆమె పైకి వెళ్లి గిన్నెడు బియ్యం గంజి తెచ్చి, మా మధ్య మెట్టు మీద పెట్టి, దూరంగా జరిగి కూర్చుంది. అందులో ఉప్పు లేదు. అంతా తాగాను.

ఇప్పటికీ ఎవరైనా ఫైన్ అంటే అక్కడితో వదలను. ఇంకొక్కటి అడిగి, జవాబు కోసం ఆగుతాను. ఆ ఆగిన కాసేపట్లో అక్క వాకిలి గుర్తొస్తుంది. నన్ను అట్లా అడగడానికి ఇప్పుడు అక్క లేదు.