నీలం వరసలో ఖాళీ

మా రిసార్టులో రిసెప్షన్ వెనక గోడంతా పుస్తకాలే. అవి చదవడానికే పెట్టారని ఎవరైనా అనుకుంటే అంతకంటే వెర్రితనం లేదు. మా యజమానురాలు నాగమణి గారు విశాఖపట్నంలో పాత పుస్తకాలు గోనెసంచుల్లో కుక్కించి, అరకు పక్కనున్న మా డుంబ్రిగుడ దాకా వ్యాన్లో తెప్పించింది. ఎర్ర అట్టలవి ఒక వరస, పచ్చ అట్టలవి ఒక వరస, నీలం అట్టలవి ఒక వరస. టూరిస్టులు వాటి ముందు కాఫీ కప్పు పట్టుకుని ఫోటోలు దిగుతారు. ఒకడైతే పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని, చదువుతున్నట్టు మొహం పెట్టాడు. నేను వంటవాణ్ణి, సుక్రు నా పేరు, పదో తరగతి తప్పినవాణ్ణి. నాకే ఒళ్ళు మండింది.

ఆ గోడని చదివిన మనిషి ఒక్కతే. గదులు తుడిచే బేబి.

బేబిది మా పక్క ఊరు. నలభై దాటాయి. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది చదువుతుండగా తల్లి మంచాన పడితే ఇంటికి తీసుకొచ్చేశారు. ఆ కోపం ఆమెకు ఇప్పటికీ చల్లారలేదు. కసి తీర్చుకుంటున్నట్టు చదువుతుంది. పొద్దున్నే టీ ఇస్తూ నేను ఆటపట్టించేవాణ్ణి.

"ఏటి బేబీ, ఇయాల ఎంతదాకా వచ్చినాది?"

అంతే, మొదలెట్టేది. అప్పుడు చదువుతున్నది నీలం వరసలోది. నది మీద ఒంటరిగా పడవ నడుపుకునే ఆడమనిషి కథ. ఊరి పెద్దలు ఆమె పడవ లాక్కున్నారు. అలమర దులుపుతూ, నిలబడే, రోజుకు పది పేజీలు చదివేది. పనివాళ్ళు పుస్తకాలు ముట్టుకోకూడదని నాగమణి గారి ఆర్డరు. "సేతిలో గుడ్డ ఉంది కదన్నా, ముట్టుకున్నట్టు ఎలాగవుద్ది?" అనేది బేబి.

కొన్నవి వేరే ఉన్నాయి. శుక్రవారం అరకు సంతలో కొండచీపుర్లు అమ్ముకుని, పాత కాగితాలవాడి మూటలోంచి రెండు పుస్తకాలు ఏరుకొచ్చింది. ఒకటి తేనెటీగల పెంపకం. రెండోది ముందు పేజీలు ఊడిపోయిన దెయ్యం కథ. "ఆ దెయ్యం ఎందుకొచ్చినాదో తెల్దు గానీ బాగానే భయపెడతంది," అంది.

వీటన్నిటికంటే పెద్ద ముచ్చట ఇంకొకటి. ఎప్పుడో ఆసుపత్రి వరండాలో చిరిగిన వారపత్రికలో ఒక నవల ముక్క చదివిందట. దాని పేరు చేతి మీద రాసుకుంది. విశాఖలో పుస్తకాల షాపుకి ఎనిమిది నెలలు ఫోన్లు చేసి వాళ్ళ ప్రాణం తీసింది. చివరికి మొన్న బస్సు పార్శిల్లో వచ్చింది. జీవితంలో ఆమె కొన్న మొదటి కొత్త పుస్తకం. మొదటి పేజీలో పేరు రాసుకుని, రోజూ సంచిలో వేసుకుని తిరిగేది. తెరిచేది కాదు. కాఫీ పళ్ళ కోత అయ్యాక, తీరుబడిగా, తన ఇంటి అరుగు మీద కూర్చుని చదువుకుంటానంది. దాని అట్ట కూడా నీలమే. అదే కొంప ముంచింది.

సోమవారం పొద్దున్న గెస్టులు ఖాళీ చేశాక నాగమణి గారు రుసరుసలాడుతూ వంటింట్లోకి వచ్చింది.

"నీలం వరసలో ఒకటి పోయింది. బేబీ, నీ సంచి ఇటు తే."

తనే లాక్కుని గుమ్మరించింది. టిఫిను డబ్బా, చీర, పుస్తకం.

"ఇదిగో! అనుకుంటూనే ఉన్నాను. జాలిపడి పనిస్తే ఇదా నువ్వు చేసేది?"

"అది నాదమ్మా. కొనుక్కున్నాను. మొదటి పేజీ సూడండి, నా పేరుంది."

"నీది కొత్త పుస్తకాలు కొనే మొహమా? దొంగిలించిందే కాక పేరు కూడా రాసుకున్నావా!"

అంటూనే ఆ పేజీ పర్రున చింపేసింది. ఉండ చుట్టి చెత్తబుట్టలో పారేసింది. రిసెప్షన్‌కి వెళ్ళి పుస్తకాన్ని ఖాళీలో దూర్చింది. నేను గరిట పట్టుకుని వెనకే వెళ్ళి, గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఛీ, ఏం బతుకు నాది!

బేబి ఏడవలేదు. వచ్చి ఆవిడకి ఎదురుగా నిలబడింది.

"పోయిన పుస్తకం పేరేటమ్మా?"

"పేరెవడికి తెలుసు? ఖాళీ కనబడట్లేదూ?"

"నాకు తెల్సు. పడవావిడ కత. ఇంకా నలభై పేజీలు మిగిలుండిపోనాయి. దొంగనైతే సివరికంటా సదివేసి పెట్టేద్దును కదా!"

నాగమణి గారు ఏదో అనబోతుంటే ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టకుండా మాట్లాడ్డం ఆవిడకి చేతకాదు. చేసింది ఆదివారం దాకా ఉండి వెళ్ళిన గెస్టు.

"సారీ అండీ, పిల్లలు ఫోటోల కోసం తీసిన పుస్తకం ఒకటి మా బ్యాగులో వచ్చేసింది."

ఆవిడ గొంతు వెంటనే పాకంలా మారింది. "అయ్యో, దానికేముంది సార్! మీ దగ్గరే ఉంచేసుకోండి. అలాంటివి మా దగ్గర బోల్డున్నాయి. మళ్ళీ రండి సార్."

బేబి మొహం చూడలేకపోయాను. ఆమె ఒక్క అంగలో వచ్చి ఆవిడ చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"సార్, నేను గదులు తుడిసే మనిషిని. ఆ పడవావిడకి పడవ మళ్ళీ దొరికినాదా?"

"ఏ పడవమ్మా?"

"ఆ పుస్తకంలోది సార్."

"ఓ అదా... మేం తెరవలేదమ్మా."

బేబి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "అయితే నాకు పంపించీండి సార్. బేబి అని రాసుకోండి. డుంబ్రిగుడ పోస్టు." ఊరి పేరు, పిన్ నంబరుతో సహా నిదానంగా చెప్పింది. అవతలాయన తప్పకుండా పంపుతానన్నాడు.

ఫోన్ బల్ల మీద పెట్టి, అలమరలోంచి తన పుస్తకం తీసుకుంది. వంటింట్లోకెళ్ళి బుట్టలోంచి కాగితం ఏరి, చేత్తో సాపు చేసి లోపల పెట్టుకుంది.

"పనికి మళ్ళీ రాకు!" నాగమణి గారు అరిచింది. "ఆ పార్శిల్ రాగానే నా పుస్తకం నాకు తెచ్చివ్వాలి, తెలిసిందా?"

బేబి గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"మీదెక్కడిదమ్మా? ఇందాకే ఇచ్చేసినారు కదా."