నాలుగు వేల కుర్చీ

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, మద్రాసులో మనిషి జీతం ఊరుమ్మడి సొత్తు. పాల బూత్ వరసలో మన ముందు నిలబడ్డ పెద్దమనిషి వెనక్కి తిరిగి, పేరైనా అడగకముందే "మాసానికెంత వస్తాది తంబీ?" అనేవాడు. చెప్పకపోతే పొగరనుకునేవాళ్ళు, ఎక్కువ చెబితే కోతలనుకునేవాళ్ళు, ఉన్నది ఉన్నట్టు చెబితే జాలిపడేవాళ్ళు. నేను మూడో రకం. ఇరవై మూడేళ్ళ వయసు, సెకండ్ క్లాసులో పాసైన బి.కాం., పద్నాలుగు వందల జీతం. (ఆ జాలి నాకు మరీ అంత బాధగా ఉండేది కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను. జాలిపడినవాళ్ళు తరచుగా కాఫీ ఇప్పించేవాళ్ళు.)

మా ఇల్లు తిరువొత్తియూరులో. నాయన అక్కడే ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. ఎన్నో తరాల కిందట నెల్లూరు వైపు నుంచి వచ్చి పాతుకుపోయిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూను. నా ఉద్యోగం హార్బరు ఎదుట ఒక ఇరుకు వీధిలో, ఓడలకు సరుకులు సరఫరా చేసే చిన్న కంపెనీలో. రేవుకు ఓడ వచ్చిందంటే అందులో వాళ్ళకు కూరగాయలు, మాంసం, సబ్బులు, తాళ్ళు, బ్లేడ్లు, ఒక్కోసారి గిటారు తీగలు కావలసి వచ్చేవి. అవన్నీ పట్టుకెళ్ళి అప్పగించి కెప్టెను సంతకం తెచ్చుకోవడం నా పని. లోపల చోటు దొరకని ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసుకుని ఉండేవి. వాటి దగ్గరికి లాంచీలో వెళ్ళి, పక్కన వేలాడే తాడు నిచ్చెన పట్టుకుని పైకెక్కాలి. మొదటిసారి ఎక్కినప్పుడు సగంలో ఆగి కళ్ళు మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ వరసగా పిలిచాను. పైనున్న నావికుడు నేనేదో పాడుతున్నాననుకుని చప్పట్లు కొట్టాడు. రెండు నెలలయ్యేసరికి ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో నిచ్చెన. పొద్దున ఒక దేశంవాడు కాఫీ ఇచ్చేవాడు, సాయంత్రం ఇంకో దేశంవాడు కేకు ముక్క పెట్టేవాడు. నాకు వచ్చిన ఇంగ్లీషు వాళ్ళకు రాదు, వాళ్ళకు వచ్చింది నాకు రాదు. అయినా బంగాళదుంపల నాణ్యత గురించి గంటలకొద్దీ వాదించుకునేవాళ్ళం.

ఇలా సుఖంగా ఉన్న నన్ను చెడగొట్టింది మా అత్త కొడుకు. బావ ఒక ఫైనాన్స్ కంపెనీలో చేరి, నాలుగు నెలల్లో స్కూటరు కొని, ఆ స్కూటరు మీద మా ఇంటికి వచ్చాడు. అమ్మ స్కూటరు చుట్టూ ఒకసారి తిరిగి, సీటు తడిమి, నా వంక చూసింది. మర్నాడు పొద్దున నేను జీతం పెంచమని అడగడానికి మా ముదలాళి గదిలోకి వెళ్ళాను.

కంపెనీ ఆయనదే, ఆయన్ను అందరూ పెద్దాయన అనేవాళ్ళు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, తెల్ల వేష్టి. నేను గొంతు సవరించుకోవడం చూసి, "ఏందిరా, పెండ్లా?" అన్నాడు.

"లేదయ్యా. జీతం..."

"ఓ. ఎంత చాలు నీకు?"

"తమరు చూసి ఇవ్వండయ్యా" అన్నాను.

"నేను చూసి ఇచ్చేదిదా ఇప్పుడు ఇస్తా ఉండేది. నువ్వు చూసి చెప్పు. ఇంట్లో కూచుని యోచించి, సోమవారం నంబరుతో రా."

ఆదివారం మా ఇంట్లో సభ జరిగింది. బావ ప్రత్యేక ఆహ్వానితుడు. "ఐదు వేలని మొదలుపెట్టు, మూడుకు దిగు" అన్నాడు. అమ్మ గ్యాసు, మిక్సీ, నెయ్యి, కాశీ ప్రయాణం వరసగా చెప్పుకుంటూ పోయింది. స్కూల్లో టీచరుగా ఉన్న అక్క ఒక కాగితం మీద అన్నీ రాసి కూడితే ఆరు వేల మూడు వందలు తేలింది. అంత మొత్తం అడిగితే పెద్దాయన నన్ను కిటికీలోంచి పారేస్తాడని నేను భయపడటంతో కాశీ, నెయ్యి కొట్టేసి, మిక్సీ ఉంచి, నాలుగు వేల దగ్గర ఆగారు. చెవులు సరిగ్గా వినపడని మా అవ్వ మాత్రం చివరిదాకా ఒకటే మాట అడిగింది. "వానికి ఆడ వేళకు అన్నం పెడతా ఉండారా లేదా?" నాయన పేపరు చదువుకుంటూ ఉండిపోయాడు.

సోమవారం కళ్ళు మూసుకుని (తాడు నిచ్చెన అలవాటే) "నాలుగు వేలయ్యా" అన్నాను.

"సరి" అన్నాడు పెద్దాయన.

అంతే. బేరం లేదు, దగ్గు లేదు. ఐదు అడగవలసింది కదా అనుకున్నాను. అంతలో ఆయనే మళ్ళీ అన్నాడు. "అయితే నాలుగు వేలు ఓడెక్కే పనికి కాదు. దానికి." ఆయన వేలు పక్కగదిలో మేనేజరు కుర్చీ వైపు చూపిస్తోంది. మేనేజరు ఆ నెలాఖరుకు పని మానుకుని చిత్తూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. గుండ్రంగా తిరిగే కుర్చీ, వీపు వైపు తువ్వాలు పరిచిన కుర్చీ. అది నాదయింది.

నిజం చెప్పాలంటే మొదటి నెల బ్రహ్మాండంగా గడిచింది. పాల బూత్ దగ్గర వార్త నాకంటే ముందే చేరిపోయింది. నన్ను తంబీ అన్నవాళ్ళు సార్ అన్నారు, కాఫీ ఇప్పించడం మానేశారు. మిక్సీ వచ్చింది. అమ్మ అవసరం ఉన్నా లేకున్నా దాన్ని తిప్పి, చప్పుడు ఎదురింటిదాకా వెళ్ళేట్టు చూసుకునేది. రెండో నెలనుంచి నాకు కొన్ని సంగతులు అర్థం కాసాగాయి. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడకేసి తెరుచుకుంటుంది. ఫోను ఆగదు. ప్రతి ఓడకూ ఐదేసి కాపీలు కార్బను పెట్టి రాయాలి, ఐదో కాపీ ఎవరికీ కనపడదు, కానీ ఉండాలి. హార్బరులో ఓడ కూత వేసినప్పుడల్లా నా కలం ఆగేది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని డాబా ఎక్కి, ఏ ఓడ ఎప్పుడు వచ్చిందో లెక్కపెట్టుకుంటూ పెరుగన్నం తినేవాణ్ణి. తిండి తగ్గి, బెల్టుకు కొత్త రంధ్రం పొడిపించవలసి వచ్చింది. ఎవరైనా ఉత్తరంలో కామా తప్పు పెడితే కోపం వచ్చేది. మా ఆఫీసులో టైపిస్టు అక్క ఒకరోజు, "ముందు నువ్వు మంచి పిల్లోడుగా ఉంటివి" అని, భూతకాలంలో, చాలా మర్యాదగా చెప్పింది. నా చోట ఓడలెక్కడానికి వచ్చినతను రెండో వారమే వాంతులు తట్టుకోలేక మానేశాడు. ఇంకొకరు దొరికేదాకా లాంచీ డ్రైవరే సరుకులు అప్పగించి వస్తున్నాడు.

మూడో నెలలో ఒక గురువారం. పెద్దాయన పదకొండుకు గాని రాడు. జెట్టీలో ఉన్న ఓడ ఒకటి మూడున్నరకు బయలుదేరుతుంది, దానికి పన్నెండుకల్లా కూరగాయలు చేరాలి. అవన్నీ గోడౌనులో ఉన్నాయి, గోడౌను తాళాలు నా జేబులో ఉన్నాయి. ఇంకో ఓడ సముద్రంలో లంగరు వేసి ఉంది. దానికి పంపవలసింది రెండు డబ్బాల సబ్బులు, అంతే. లాంచీ డ్రైవరు వచ్చి సబ్బులు చంకన పెట్టుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"నేనూ వస్తా" అన్నాను.

"సబ్బులకా సార్?" అన్నాడతను.

"కెప్టెనుతో మాట్లాడాల్సింది ఉండాది" అన్నాను. (ఏమీ లేదు.) "అర్ధగంటలో వచ్చేస్తాం."

ఇస్త్రీ ప్యాంటు, పాలిషు బూట్లతో తాడు నిచ్చెన ఎక్కాను. కొంచెం ఆయాసం వచ్చింది గాని ఎక్కాను. పైన వంటవాడు నన్ను గుర్తుపట్టి "మై ఫ్రెండ్!" అని అరిచి కౌగిలించుకున్నాడు. ఏడు నెలల కిందట ఇదే ఓడకు నేను గుమ్మడికాయలు అమ్మాను. అతను కాఫీ పెట్టాడు. తాగి రెయిలింగు దగ్గరికి వచ్చి చూస్తే, లాంచీ కింద నీళ్ళ మీద ఊగుతోంది, డ్రైవరు ఇంజను మూత తీసి అందులో తల దూర్చి తమిళంలో దాన్ని తిడుతున్నాడు. ఇంకో లాంచీ వచ్చి లాక్కెళ్ళాలి. అది ఎప్పుడొస్తుందో సముద్రానికే తెలియాలి.

నాకు భయం వెయ్యాలి. వేసింది కూడా, ఓ పావుగంట. జేబులో తాళాలు తడుముకుంటూ అటూ ఇటూ తిరిగాను. తర్వాత వంటవాడు ఒక ఏప్రను నా మెడలో వేసి, ఒక బస్తా ఉల్లిపాయలు చూపించాడు. ఇద్దరం కూర్చుని ఒలిచాం. అతను తన ఊరి గురించి చెప్పాడు, నేను తిరువొత్తియూరు గురించి చెప్పాను, ఇద్దరికీ కన్నీళ్ళు కారాయి, అవి ఉల్లిపాయలవే. గాలి బాగుంది. మూడు నెలల తర్వాత మొదటిసారి నాకు ఆకలి వేసి అన్నం తిన్నాను.

నాలుగింటికి ఒడ్డుకు చేరి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి గోడౌను తలుపు తెరిచి ఉంది, తాళం రెండు ముక్కలై గడప మీద పడి ఉంది. టైపిస్టు అక్క గుండెల మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"యాడికి పోయినావురా? అయ్యగారే గడ్డపార తీసి పగలగొట్టినారు. మనిషి లేడని ఆయనే లారీలో ఎక్కి ఓడకు పోయినారు. ఈ వయసులో! ఇంకా రాలా."

నేను కుర్చీలో కూర్చుని, ఇదే చివరిసారి అనుకుని, రాజీనామా ఉత్తరం మొదలుపెట్టాను. అలవాటుగా నాలుగు కార్బన్లు పెట్టాను. రెండో వాక్యంలో ఉండగా మెట్ల మీద చప్పుడైంది. పెద్దాయన వచ్చాడు. వేష్టి మోకాళ్ళ పైకి మడిచి కట్టి ఉంది, దాని నిండా గ్రీజు, చొక్కా మీద టమాటా గింజలు. చేతిలో విదేశీ బిస్కెట్ల డబ్బా. నేను లేచి, "తప్పయిపోయిందయ్యా" అన్నాను. ఆయనకు వినిపించినట్టు లేదు.

"పదహైదేండ్లయింది రా నేను ఓడెక్కి!" అన్నాడు. "ఇంట్లో వాళ్ళు వద్దు, వయసైపోయింది అంటే సరి, సరి అని కూచునేసినా. ఆ కుక్కు నాతో వాదం పెట్టుకున్నాడు, టమాటా పండలేదంట. వాని కత్తే తీసుకుని వాని ముందరదా కోసి చూపించినా. వాడు నోరు మూసుకుని నాకు టీ పోసిచ్చినాడు!" బిస్కెట్ల డబ్బా బల్ల మీద పెట్టి, మూత తీసి, నా వైపు తోశాడు. అప్పుడు గాని నేనెవరో ఆయనకు గుర్తురాలేదు. "నువ్వు యాడికి పోయినావు?"

చెప్పాను. ఉల్లిపాయలతో సహా చెప్పాను. ఆయన కాసేపు బిస్కెట్టు నమిలాడు.

"ఈ కుర్చీ నీకు నచ్చలా?"

"లేదయ్యా."

"ముందే చెప్పేదానికేమి?"

"నాలుగు వేలయ్యా" అన్నాను. నాకప్పుడు తెలిసిన నిజం అదొక్కటే.

ఆయన పెద్దగా నవ్వాడు. "సరి, ఇట్లా చేద్దాం. వారంలో మూడు దినాలు నువ్వు ఈడ కూచో, నేను ఆడికి పోతా. మూడు దినాలు నేను ఈడ, నువ్వు ఆడ. సగం కుర్చీకి సగం జీతం." అక్కడికక్కడే పద్నాలుగు వందలకూ నాలుగు వేలకూ మధ్య ఎంతో లెక్క వేసి, "రెండు వేల ఏడు నూర్లు. చాలునా?" అన్నాడు.

చాలునన్నాను. తాళం ఖరీదు మాత్రం మొదటి నెల జీతంలోనే పట్టుకున్నాడు.

ఇంట్లో చెప్పడం ఇంతకంటే కష్టమైంది. అమ్మ "సగం కుర్చీలో ఎట్లా కూచుంటావురా?" అంది. బావ నా భుజం తట్టి, పరాయివాళ్ళ చావుకు వెళ్ళినట్టు మొహం పెట్టి, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. నాయన ఆ రోజు కూడా పేపరు మడవలేదు. మర్నాడు నేను స్టేషనుకు, ఆయన ఫ్యాక్టరీకి కలిసి నడుస్తుంటే మాత్రం, మలుపు దగ్గర ఆగి, "నీకెంత చాలురా అని నన్నెవురూ అడగలా. ఇచ్చినంత తీసుకుంటి" అన్నాడు. ఫిర్యాదులా అనలేదు. ఏదో గుర్తొచ్చినట్టు అని, చేతిలో సంచీ ఇంకో చేతికి మార్చుకుని అటు తిరిగిపోయాడు. రైలు తప్పిపోతుందని తెలిసినా నేను అక్కడే కాసేపు నిలబడ్డాను.

మా ఏర్పాటు నాలుగేళ్ళు నడిచింది. పెద్ద ఓడ వచ్చిన రోజు సముద్రం వంతు ఎవరిదనే దాని మీద మేమిద్దరం చీట్లు వేసుకునేవాళ్ళం. ఆయన దొంగాట ఆడేవాడు, ముదలాళి గనక నేను ఊరుకునేవాణ్ణి. చాలునన్న ఆ రెండు వేల ఏడు వందలు నాకు సరిగ్గా పదకొండు నెలలు చాలాయి. పన్నెండో నెలలో మళ్ళీ గొంతు సవరించుకుంటూ ఆయన గదిలోకి వెళ్ళాను.

ఇప్పుడు మద్రాసు శివార్లలో, షోళింగనల్లూరులో, ఆరో అంతస్తులో చల్లటి గదిలో పని చేస్తున్నాను. పని నచ్చే రోజులూ ఉన్నాయి, వారానికి రెండు మూడు. నా జీతమెంతో చెబితే అప్పటి ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాడు, అంటే నేనే, నమ్మడు, నోరు వెళ్ళబెడతాడు. వెంటనే, "అయితే మీకింక చాలు కదా సార్?" అని అడుగుతాడు, నాకు తెలుసు. అప్పుడు నేను అవునని అబద్ధం చెబుతాను. అంత చిన్నవాడు, ఉద్యోగంలో అంత సంతోషంగా ఉన్నవాడు, వాణ్ణి కంగారు పెట్టడం నాకు ఇష్టం లేదు.