వసంతను బాపట్లలో వదిలి వెళ్లిన ప్రయాణం

మేము దేశం విడిచి వెళ్లింది జీతం కోసమేనని మా బంధువులు చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. అది కొంతవరకే నిజం. మావారు అడవులదీవి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారు. నాకు పదహారో ఏటి నుంచి మూర్ఛ ఉంది. పెళ్లిచూపులనాడే మా నాన్న ఆ సంగతి చెప్పేశారు. మావారు తెలిసే చేసుకున్నారు. మా అత్తగారికీ తెలుసు. ఊళ్లోవాళ్లకు మాత్రం తెలియదు. ఒకసారి బంధువుల పెళ్లిలో వడ్డిస్తూ వడ్డిస్తూ సాంబారు బకెట్టుతో సహా విస్తళ్ల మధ్య పడిపోయాను. ఆ తర్వాత నా చేతి మంచినీళ్లు తాగడానికి కూడా జనం వెనకాడేవారు. మా అబ్బాయి మురళితో ఆడుకునే పిల్లలను వాళ్ల తల్లులు పేరు పెట్టి లోపలికి పిలిచేసుకునేవారు. వాడికి ఆరేళ్లు. "మన ఇంటికి ఎవరూ రారేంటమ్మా?" అని అడిగేవాడు.

ఇథియోపియాలో మన టీచర్లను తీసుకుంటున్నారని మావారికి తెలిసింది ఆ రోజుల్లోనే. దరఖాస్తు పెట్టారు, ఉద్యోగం వచ్చింది. "మనల్ని ఎవరూ ఎరగని చోటికి పోదాం రాజ్యం. రెండేళ్లు ఉండి చూద్దాం" అన్నారు. అలా 1969 శ్రావణమాసంలో మేము నలుగురం బయలుదేరాం. మావారు, నేను, మురళి, ఏడాదిన్నర వయసున్న మా వసంత. జబ్బు ఉన్న మనిషి ఇల్లంతా ఎత్తుకుని కొత్త దేశం వెళ్లడం ఎలా ఉంటుందో ఇవాళ తెలుసుకోవాలనుకునేవాళ్లు కొందరైనా ఉంటారని ఇది రాస్తున్నాను.

మా ప్రయాణం ఇలా అనుకున్నాం: పొద్దున్నే బస్సులో రేపల్లె, అక్కడి నుంచి పాసింజరులో తెనాలి. తెనాలిలో నా డాక్టరుగారిని చూసి మందులు తీసుకుని, మధ్యాహ్నం బండికి బాపట్లలో మా అక్క శకుంతల ఇంటికి. మర్నాడు అక్కడి నుంచి మద్రాసు, తర్వాత బొంబాయి, అక్కడ విమానం. బస్సు ఎక్కేముందు మా అత్తగారు నన్ను పక్కకు పిలిచారు.

"మాత్ర మింగావా అమ్మాయ్?"

"మింగానత్తయ్యా."

"నాలుగు రోజుల్నించీ నీకు కంటిమీద కునుకు లేదు. బస్సులో కాస్త కళ్లు మూసుకో. సామాను మీ ఆయన చూసుకుంటాడు."

ఆవిడ చెప్పింది నిజమే. సర్దుళ్లు, ప్రయాణం హడావిడి, చంటిదాని జలుబు, వీటితో నిద్ర లేదు. బస్సులోనూ పట్టలేదు. దారికి రెండు వైపులా నాట్లు పడుతున్నాయి. కాలువలు నిండుగా ఉన్నాయి. గోతుల దారి కావడంతో రేపల్లె చేరేసరికి గంటన్నర దాటింది. మా పెట్టెలు చూసి కండక్టరు, "ఇంత సామానేంటి మాస్టారూ, బదిలీయా?" అని అడిగాడు.

"బదిలీయేనండి."

"ఏ ఊరండి?"

"కాస్త దూరమండి" అన్నారు మావారు. నా వైపు చూసి నవ్వారు. ఆయన ముఖంలో అంత తేలికదనం చూసి చాలా కాలమైంది.

రేపల్లెలో బస్సు దిగి ఇడ్లీ తిని, రెండు రిక్షాల్లో స్టేషనుకు వెళ్లాం. ధాన్యం బస్తాల బళ్లు అడ్డం రావడంతో కొంత ఆలస్యమైంది. బండి అక్కడి నుంచే బయలుదేరుతుంది కాబట్టి ముందుగా వెళితే కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. టిక్కెట్లు అప్పట్లో చాలా చవక. భట్టిప్రోలు, వేమూరు మీదుగా బండి ప్రతి స్టేషన్లోనూ ఆగుతూ పోయింది. మురళి ఇంజను బొగ్గు నలుసు కంట్లో పడిందని ఏడ్చి, అంతలోనే మళ్లీ కిటికీలోంచి తల బయటపెట్టేవాడు. వసంత ఆవును చూసినా మనిషిని చూసినా చెయ్యి ఊపుతూ "టాటా" అనేది. దానికి అప్పటికి వచ్చిన నాలుగైదు మాటల్లో అదొకటి.

తెనాలిలో సామాను స్టేషన్లో పెట్టి డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన నన్ను చిన్నప్పటి నుంచి చూస్తున్నారు. ఎక్కువ రోజులకు సరిపడా మందులు రాసి, అక్కడి డాక్టర్లకు చూపించమని నా జబ్బు సంగతి ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసిచ్చారు.

"ఏ దేశమైనా నీకు రెండే రెండమ్మా. మాత్ర మానకూడదు, నిద్ర చెడకూడదు" అన్నారు. తర్వాత నా ఒళ్లో ఉన్న వసంతను చూసి, "అక్కడ ఇంట్లో ఇంకెవరుంటారు?" అని అడిగారు.

"ఎవరూ ఉండరండి. ఆయన బడికి వెళితే నేనూ పిల్లలూ."

"వంట దేనిమీద?"

"బొగ్గుల కుంపటి అని రాశారండి, అక్కడున్నవాళ్లు."

"పిల్లకు నీళ్లు పోసేటప్పుడు, పొయ్యి దగ్గర ఉన్నప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఎలాగో ఏర్పాటు చేసుకోండి" అని మావారితో అన్నారు. మావారు తల ఊపారు. బయటికి వచ్చాక, "పనిమనిషిని పెట్టుకుందాంలే" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

స్టేషనుకు దగ్గర్లో భోజనాల హోటల్లో తిన్నాం. వడ్డించే పెద్దాయన వసంతను చూసి, "పాపకు కారం తగలకుండా పప్పూ నెయ్యీ కలిపి తెస్తానుండమ్మా" అని చిన్న గిన్నెలో మెత్తగా పిసికి తెచ్చాడు. అది ఒక్క మెతుకు వదలకుండా తింది.

మధ్యాహ్నం బండి కిక్కిరిసి ఉంది. మావారూ మురళీ సామానుతో ఒక పెట్టెలో ఎక్కారు. నేను వసంతను తీసుకుని ఆడవాళ్ల పెట్టెలో ఎక్కాను. బాపట్ల గంట, గంటంబావు ప్రయాణం. నా పక్కన ముతక నేతచీర కట్టుకున్న ఒక పెద్దావిడ కూర్చుంది. ఎక్కడికి వెళుతున్నామని అడిగితే చెప్పాను. "అంత దూరమా తల్లీ! ఈ పసిదాన్ని చంకనేసుకునే?" అని పాప బుగ్గ నిమిరింది. బండి కదిలింది. చుండూరు దాటాక నాలుక మీద ఇనుము రుచి తగిలింది. నాకు మూర్ఛ వచ్చేముందు ఎప్పుడూ అలాగే ఉంటుంది. పాపను ఆవిడకు అందించాలనుకున్నాను. చేతులు లేచాయో లేదో తెలియదు.

కళ్లు తెరిచేసరికి బండి నిడుబ్రోలులో ఆగి ఉంది. నేను కింద పడి ఉన్నాను. ఎవరో నా చేతిలో తాళాలగుత్తి కుక్కారు. మొహం మీద నీళ్లు. చుట్టూ ఆడవాళ్లు అరుస్తున్నారు. నాకు ఎక్కడున్నానో, ఎందుకున్నానో అర్థం కాలేదు. పాప ఏడుపు వినపడింది. ఆ పెద్దావిడ దాన్ని ఎత్తుకుని ఉంది. పాప నుదురు పగిలి రక్తం కన్ను మీదుగా కారి, ఆవిడ చీర కొంగంతా తడిసింది. నాతోపాటు కింద పడి, ఎవరిదో రేకుపెట్టె అంచు తగిలిందట. నేను చేతులు చాచాను. పాప నన్ను చూసి ఇంకా గట్టిగా ఏడ్చి ఆవిడ మెడ పట్టుకుంది.

"ఉండమ్మా, నువ్వు స్థిమితపడు. మీ ఆయన ఏ పెట్టెలో ఉన్నాడు?" అంది ఆవిడ. ప్లాట్‌ఫారం మీద పిలిపించి మావారిని రప్పించారు.

బాపట్లలో దిగి నేరుగా రిక్షాలో ఆసుపత్రికి వెళ్లాం. నుదుటి మీద కుట్లు వేశారు. కంటికి తగలకుండా తప్పిపోయింది, అదృష్టం అన్నారు. ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. అక్క పాపకు పాలు పట్టి, భుజాన వేసుకుని పెరట్లో తిప్పి నిద్రపుచ్చింది. అక్కకు ఇద్దరూ మగపిల్లలు. బావగారు తాలూకా కచేరీలో గుమాస్తా. పిల్లలిద్దరూ అరుగు మీద చేరి పాపను చూస్తూ కూర్చున్నారు. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని అక్కను అడిగాను.

"అక్కా, పాపను నీ దగ్గర ఉంచుకుంటావా?"

"ఏంటే ఆ మాటలు? దెబ్బ తగిలిందని బెదిరిపోయావు. తెల్లారితే నువ్వే సర్దుకుంటావు."

"ఇవాళ రైల్లో ఇంతమంది ఉన్నారక్కా. అక్కడ నేనూ, అదీ, కుంపటీ. మురళి బడికి పోతాడు. నేను పడిపోతే దాన్ని ఎవరు తీస్తారు?"

మావారు విన్నారు. "వద్దు రాజ్యం. నేనే వెళ్లను. రానని రాసేస్తాను" అన్నారు.

"ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశారు. మళ్లీ ఆ ఊరే వెళదామా? మురళితో ఆడుకునే పిల్లలు ఉన్నారా అక్కడ?"

"పోనీ నువ్వూ పిల్లలూ ఇక్కడే ఉండండి. నేనొక్కణ్ణే వెళతాను."

"నేను అక్క మీద పడి ఉంటే అక్కకు పాపా, నేనూ ఇద్దరం పసిపిల్లలమే అవుతాం. రెండేళ్లే కదండీ. దానికి కాస్త నడకా మాటా వచ్చాక తీసుకెళదాం."

ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. అక్క నా పక్కన కూర్చుని, "రెండేళ్లే సుమా" అంది. అలా అంటున్నప్పుడే ఏడుపు ఆపుకోలేకపోయింది.

మర్నాడు స్టేషన్లో పాప అక్క చంకలో ఉంది. నుదుటికి కట్టు. బండి ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. నేను కూడా దిగుతాననుకుందో, లేక అదంతా ఆటే అనుకుందో, బండి కదలగానే నవ్వుతూ "టాటా" అని చెయ్యి ఊపింది. ఏడవలేదు. ఏడిస్తే దిగిపోయేదాన్నేమో. అది ఇంకా నా పాలు మానలేదు. మద్రాసు చేరేలోపు రొమ్ములు గడ్డకట్టి, జాకెట్టు తడిసి, బాధకు కూర్చోలేకపోయాను. మురళి, "చెల్లిని మర్చిపోయామమ్మా" అంటూనే ఉన్నాడు. మావారు వాణ్ణి ఒళ్లోకి తీసుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

ఇథియోపియాలో మేమున్న ఊరు కొండల మీద, చల్లగా ఉండేది. మురళికి స్నేహితులు దొరికారు. నేను పడిపోయినప్పుడు పొరుగింటి ఆడవాళ్లు వచ్చి కూర్చునేవారు, మర్నాడు ఏమీ జరగనట్టు కాఫీ తాగడానికి పిలిచేవారు. రెండేళ్లకు సెలవు మీద వచ్చాం. వసంత అక్క కొడుకుల వెనక దాక్కుని నన్ను చూసింది. "అమ్మ వచ్చిందే, వెళ్లు" అని అక్క తోసింది. అది రెండడుగులు వేసి, తన అన్నలు పిలిచినట్టే, "పిన్నీ" అని పిలిచింది. తీసుకెళదామని బట్టలు సర్దితే జ్వరం తెచ్చుకుంది, అక్క కొంగు వదలలేదు. డాక్టరు ఇప్పుడు వద్దన్నారు. ఆ దేశంలో రాజును దించేశాక డెబ్బై అయిదులో తిరిగివచ్చి తెనాలిలో ఇల్లు తీసుకున్నాం. అప్పటికి దానికి ఏడేళ్లు దాటాయి. సెలవులకు మా ఇంటికి వచ్చి బుద్ధిగా ఉండేది. నాకు పనిలో సాయం చేసేది. రెండు రోజులు కాగానే, "పిన్నీ, అమ్మ దగ్గరికి ఎప్పుడు పంపిస్తావు?" అని అడిగేది. బాపట్ల బండి ఎక్కించి వచ్చేదాన్ని.

ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అని నన్ను చాలామంది అడిగారు. నా బిడ్డ నిప్పులో పడలేదు, నీళ్లలో పడలేదు. చదువుకుంది, సంసారం చేసుకుంటోంది, నన్ను ప్రేమగా చూసుకుంటుంది. అక్క పోయిన రోజున బాపట్లలో ఆ ఇంటి అరుగు మీద వసంత నా ఒళ్లో తలపెట్టి, "అమ్మ లేదు పిన్నీ, నాకింక అమ్మ లేదు" అని వెక్కివెక్కి ఏడ్చింది. నేను దాని వీపు నిమురుతూ "ఊరుకో తల్లీ" అంటూ కూర్చున్నాను. అందరికంటే నాకే బాగా తెలుసు, అది అన్నది నిజమని.

మూర్ఛ ఉన్నవాళ్లు ప్రయాణం పెట్టుకుంటే ఒక్క మాట. బండి ఎక్కగానే, సామాను సర్దుకోకముందే, పక్కన కూర్చున్న మనిషికి మీ జబ్బు సంగతి చెప్పండి. పడిపోతే చేతిలో తాళాలు పెట్టొద్దని, నోట్లో ఏమీ పెట్టొద్దని, ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టమని చెప్పండి. ఒళ్లో పసిబిడ్డ ఉంటే, ముందు బిడ్డను అందుకోమనండి.